మొదటి ఇంటికి లోన్: తిరుపతిలో 38 లక్షల ఫ్లాట్, బిల్డర్ చెప్పిన సబ్సిడీ, అసలు లెక్క

తమ్ముడూ, మీ ప్రశ్న చాలా పొడవుగా ఉంది. మిగతావాళ్ళకూ అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నారు, జీతం ఏడాదికి 6.60 లక్షలు. మీ ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఏడాదికి 1.80 లక్షలు. చేతిలో 7 లక్షలు ఉన్నాయి, పీఎఫ్‌లోంచి ఇంకో 3 లక్షలు తీయగలరు. రెండు ఫ్లాట్లు చూశారు. ఒకటి అవిలాల వైపు కడుతున్న కొత్తది, 38 లక్షలు. రెండోది కొర్లగుంట దగ్గర పదేళ్ళ పాత ఫ్లాట్, 32 లక్షలు. కొత్త ఫ్లాట్ బిల్డర్ మీకు చెప్పింది ఇది: "మొదటి ఇల్లు కదా సార్, 3.50 లక్షల టాక్స్ బెనిఫిట్, 2.67 లక్షల సబ్సిడీ వస్తాయి. 33 లక్షలకు రిజిస్టర్ చేద్దాం, మిగతా 5 లక్షలు క్యాష్ ఇవ్వండి." ఈ మాట నమ్మవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. నాన్నగారి పేరిట పుత్తూరు దగ్గర ఊళ్ళో ఇల్లుంది, దానివల్ల సబ్సిడీకి అడ్డమా అన్నది రెండోది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద చేయించాలి అన్నది మూడోది.

నేను తిరుపతిలోనే ఒక బ్యాంకు హోమ్ లోన్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు వేస్తుంటాను. రెండు వైపులా చూసిన అనుభవంతో చెబుతున్నాను. మీ జీతానికి టాక్స్ బెనిఫిట్ సున్నా. మీకు నిజంగా డబ్బు మిగిలేది, పోయేది రెండు చోట్లే: బ్యాంకు వేసే వడ్డీ శాతం, ఆ 5 లక్షల క్యాష్. సబ్సిడీ వస్తే మంచిదే, కానీ దాని కోసం ఫ్లాట్ ఎంచుకోకండి.

టాక్స్ సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో మొదటి ఇల్లు కొన్నారని కట్టాల్సిన పన్నులోంచి నేరుగా ఇంత అని తీసేసే పద్ధతి లేదు. ఉన్నదల్లా ఆదాయంలోంచి మినహాయింపు. ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి సెక్షన్ 24(బి) కింద ఏడాదికి 2 లక్షల దాకా, అసలుకు సెక్షన్ 80సీ కింద 1.50 లక్షల దాకా. బిల్డర్ చెప్పిన 3.50 లక్షలు ఈ రెండూ కలిపితే వచ్చింది. కానీ అది ఆదాయంలోంచి తగ్గే మొత్తం, మీ జేబులో మిగిలే మొత్తం కాదు. 20 శాతం స్లాబులో ఉన్నవాడికి 2 లక్షల వడ్డీ మినహాయింపు వల్ల మిగిలేది సెస్సుతో కలిపి 41,600 రూపాయలు. 30 శాతం స్లాబులో ఉంటే 62,400. అదీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, 80సీ కూడా లేదు. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే మీరు కొత్త విధానంలోనే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు మీ జీతం చూడండి. 2025-26 లెక్క ప్రకారం కొత్త విధానంలో 6.60 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 5.85 లక్షలు. 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. హోమ్ లోన్ లేకుండానే సున్నా. ఇక తగ్గించడానికి ఏముంది? పాత విధానంలోకి వెళ్ళి వడ్డీ, అసలు అన్నీ చూపించినా చివరికి అదే సున్నా వస్తుంది, మధ్యలో కాగితాల పని మాత్రం పెరుగుతుంది. కాబట్టి "టాక్స్ మిగులుతుంది కదా, ఈఎంఐ కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు" అని ఎవరైనా లెక్క వేసి చూపిస్తే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

జీతం బాగా ఎక్కువున్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఇంకో లెక్క. ఏడాదికి 18 లక్షలు వచ్చే మనిషికి కొత్త విధానంలో పన్ను సుమారు 1.51 లక్షలు. అదే మనిషి పాత విధానంలో హోమ్ లోన్ వడ్డీ 2 లక్షలు, 80సీ 1.50 లక్షలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25,000, ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) 50,000 అన్నీ పూర్తిగా వాడుకున్నా పన్ను సుమారు 2.18 లక్షలు వస్తుంది. అంటే హోమ్ లోన్ ఒక్కటే ఉంటే పాత విధానం ఇక గిట్టుబాటు కాదు. గిట్టుబాటయ్యేది ఎక్కువగా ఒక రకం వాళ్ళకే. ఇల్లు తిరుపతిలో కొని, ఉద్యోగం కోసం చెన్నైలోనో బెంగళూరులోనో పెద్ద అద్దె కడుతున్నవాళ్ళకు. వాళ్ళు పాత విధానంలో హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) మినహాయింపు, హోమ్ లోన్ వడ్డీ మినహాయింపు రెండూ తీసుకోవచ్చు. అలాంటివాళ్ళు రెండు విధానాల్లోనూ లెక్క వేసుకుని చూడాలి. కడుతున్న ఇల్లయితే తాళం చేతికొచ్చిన ఏడాది నుంచే వడ్డీ మినహాయింపు మొదలవుతుంది. అంతకుముందు కట్టిన వడ్డీని ఐదు సమాన భాగాలు చేసి ఐదేళ్ళలో చూపించుకోవాలి. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ళలోపు ఇల్లు పూర్తి కాకపోతే ఆ 2 లక్షల పరిమితి 30,000కు పడిపోతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు కాబట్టి అప్పటి నుంచి ఈ సెక్షన్ నంబర్లు వేరు, నేను అందరి నోట్లో నానుతున్న పాత నంబర్లే వాడాను.

80ఈఈఏ కింద ఇంకో 1.50 లక్షలు వస్తాయని కూడా మీకెవరో చెప్పారట. ఆ సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే. మీకు వర్తించదు.

బిల్డర్ చెప్పిన 2.67 లక్షల సబ్సిడీ కూడా ఇలాంటిదే. అది పాత ప్రధానమంత్రి ఆవాస్ యోజనలోని వడ్డీ సబ్సిడీ. మధ్య ఆదాయ వర్గాలకు 2021 మార్చి 31తో, తక్కువ ఆదాయం వాళ్ళకు 2022 మార్చి 31తో అయిపోయింది. బ్రోచర్లు మాత్రం ఎవరూ మార్చినట్టు లేరు.

అయితే దాని బదులు ఇప్పుడు ఇంకొకటి ఉంది, మీకు అర్హత కూడా ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. 2024 సెప్టెంబర్ 1 నుంచి మంజూరై, డబ్బు విడుదలైన లోన్లకు వర్తిస్తుంది. షరతులు జాగ్రత్తగా చదవండి. భార్యాభర్తల ఆదాయం కలిపి ఏడాదికి 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. లోన్ 25 లక్షలు దాటకూడదు. కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే నేల) 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. ఇవన్నీ సరిపోతే లోన్‌లో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ళ కాలానికి లెక్కగట్టి 4 శాతం వడ్డీ సబ్సిడీ ఇస్తారు. ఎంత వచ్చినా మొత్తం 1.80 లక్షలు మించదు. అదీ ఒకేసారి కాదు, ఐదేళ్ళ పాటు ఏటా ఒక వాయిదా చొప్పున మీ లోన్ ఖాతాలో పడుతుంది. పూర్తి మొత్తం వచ్చేవాళ్ళకు ఏడాదికి 36,000 అనుకోండి.

మీ ఇద్దరి ఆదాయం 8.40 లక్షలు. పరిమితికి లోపలే ఉన్నారు గానీ బోనస్, ఓవర్‌టైమ్ కలిసి ఫారం 16లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను కాగితం) ఎంత పడుతుందో చూసుకోండి. శ్రీసిటీ కంపెనీల్లో ఆ రెండూ కలిసి లక్ష దాకా పోయినవాళ్ళు నాకు తెలుసు. అప్లై చేసేనాటికి 9 లక్షలు దాటితే అంతే సంగతులు.

నాన్నగారి ఇంటి గురించి. ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. కాబట్టి పుత్తూరు దగ్గర ఊళ్ళో ఇల్లు నాన్నగారి పేరు మీదే ఉంటే మీకు అడ్డం కాదు. కానీ భాగపరిష్కారం అయిపోయి, అందులో ఒక వాటా మీ పేరిట రిజిస్టర్ అయ్యుంటే మాత్రం అడ్డమే. ఇంట్లో ఒకసారి అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ళు పాత రోజుల్లో రాసిన కాగితాలు బీరువాలో ఉంటాయి, కొడుకులకు తెలియదు. మీ ఆవిడకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద స్థలం ఇచ్చారన్నారు. ఖాళీ స్థలం పక్కా ఇల్లు కాదు, దాంతో ఇబ్బంది లేదు.

ఇంకో షరతు చాలామంది చూడరు. ప్రతి వాయిదా సబ్సిడీ విడుదలయ్యే నాటికి లోన్ ఖాతా నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. ఊళ్ళో పొలం అమ్మిన డబ్బుతో రెండో ఏడాదే లోన్‌లో పెద్ద భాగం కట్టేస్తే మిగతా వాయిదాలు రావు. అలాగని సబ్సిడీ కోసం డబ్బు చేతిలో పెట్టుకుని వడ్డీ కట్టమని చెప్పను, రెండూ లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. మధ్యలో వడ్డీ తక్కువని వేరే బ్యాంకుకు లోన్ మార్చాలనుకుంటే ముందు మీ బ్రాంచ్‌లో సబ్సిడీ సంగతి లెటర్ పెట్టి అడగండి.

తిరుపతి కార్పొరేషన్ లోపలే కొనాలా అని భయపడకండి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చే ప్రాంతాలకూ ఈ పథకం ఉంది, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి ఇక్కడ చాలా దూరం పోతుంది. ఆన్‌లైన్‌లో పథకం పోర్టల్‌లో ఇద్దరి ఆధార్‌తో అప్లై చేయాలి. బ్యాంకులో లోన్ అప్లికేషన్ ఇచ్చేటప్పుడే ఈ సబ్సిడీ కావాలని చెప్పి, అది ఫైల్లో రాయించుకోండి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే, ఆ తర్వాత వెంటపడేది మీరే. సొంత స్థలం ఉండి, ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్ళకు ఇల్లు కట్టుకోవడానికి ఇదే పథకంలో వేరే భాగం ఉంది. అది మీకు కాదు, మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే వార్డు సచివాలయంలో అడగమనండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫ్లాట్ 38 లక్షలు, పథకం పరిమితి 35 లక్షలు. అందుకే బిల్డర్ 33 లక్షలకు రిజిస్టర్ చేద్దామంటున్నాడు. ఇది మన దగ్గర కొత్తేమీ కాదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ ముందు కూర్చోగానే అడిగే మొదటి మాటే "విలువ ఎంత వేయమంటారు సార్?" అది విన్న కొనేవాడు అమ్మేవాడి మొహం చూస్తాడు. అమ్మేవాడు వేలితో బల్ల మీద అంకె రాసి చూపిస్తాడు. ఆ వేలికి కాగితం లేదు, రసీదు లేదు. గవర్నమెంట్ వాల్యూ కంటే తక్కువ కాకపోతే చాలు, రిజిస్ట్రేషన్ నడిచిపోతుంది.

మీ లెక్క ఇలా ఉంటుంది. బిల్డర్ చెప్పినట్టు 33 లక్షలకు రిజిస్టర్ చేసి, సబ్సిడీ కోసం లోన్ 25 లక్షలకు ఆపితే, ఫ్లాట్‌కు మీరు చేతి నుంచి వేయాల్సింది 13 లక్షలు. 33 లక్షల మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.50 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.50 శాతం అంటే దాదాపు 2.50 లక్షలు. జీఎస్టీ కాకుండానే కలిపి 15.50 లక్షలు. మీ దగ్గర ఉన్నవి 10. మిగతా 5.50 లక్షలు ఎక్కడ తెస్తారు? క్యాష్‌గా ఇవ్వాల్సిన డబ్బుకు బ్యాంకు లోన్ ఇవ్వదు. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 11,000 వడ్డీ. ఏడాదికి 1.32 లక్షలు. అసలు అలాగే ఉంటుంది. సబ్సిడీ కింద ఏడాదికి వచ్చేది 36,000. ఆ 36,000 కోసం 1.32 లక్షలు కట్టడమన్నమాట. రిజిస్ట్రేషన్ ఖర్చులో 37,500 మిగులుతుందని బిల్డర్ అంటాడు. నిజమే, మిగులుతుంది. అది మూడున్నర నెలల వడ్డీకి సరిపోతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం 2015 జూన్ నుంచి నిషేధం. తీసుకున్నవాడికి ఎంత తీసుకుంటే అంత జరిమానా పడొచ్చు. మీ వైపు నుంచి చూస్తే, అసలు ధర దాచి ప్రభుత్వ సబ్సిడీ తీసుకోవడం అవుతుంది. ఇంకోటి, రేపు మీరు ఈ ఫ్లాట్ అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర 33 లక్షలే, 38 కాదు. క్యాష్‌గా ఇచ్చిన ఆ 5 లక్షలు మీకు వచ్చిన లాభంగా లెక్కలోకి వస్తాయి. రెండేళ్ళు దాటాక అమ్మినా దాని మీద 12.50 శాతం పన్ను అంటే 62,500 రూపాయలు, పైన సెస్సు.

అదే ఫ్లాట్ 38 లక్షలకు నిజాయితీగా రిజిస్టర్ చేయిస్తే? సబ్సిడీ రాదు. కానీ బ్యాంకు మీకు 30 లక్షల దాకా ఇవ్వగలదు. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య లోన్ అయితే 80 శాతం దాకా ఇవ్వవచ్చు. కాబట్టి 30 లక్షల దగ్గర ఆగండి. అక్కడ దాటితే పరిమితి 80 శాతానికి పడుతుంది, 38 లక్షల్లో 80 శాతమంటే 30.40 లక్షలే, దాటినందుకు దక్కేది ఏమీ లేదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఇంటి విలువలో కలపరు, అది మీ చేతి నుంచే పోవాలి. చేతి నుంచి 8 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 2.85 లక్షలు, ఇంకా కడుతున్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ. ఫ్లాట్ ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు ఉంటే మన ఊరికి జీఎస్టీ 1 శాతమే, 38,000 రూపాయలు. బిల్డర్ 5 శాతం వేస్తే కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద చూపించమనండి. మొత్తం 11.23 లక్షలు. మీ దగ్గర 10 ఉన్నాయి. తగ్గిన లక్షాపాతిక బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి సర్దుకోవచ్చు. రెండు రూపాయల వడ్డీ జోలికి పోనక్కర్లేదు. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు 30 లక్షల ఈఎంఐ 25,093. మీ ఇద్దరికీ నెలకు వచ్చే 70,000లో మూడో వంతు దాటుతుంది. కష్టమే, కానీ మోయగలరు.

కొర్లగుంట ఫ్లాట్ లెక్క దీనికంటే తేలిక. 32 లక్షలకు 25 లక్షల లోన్, చేతి నుంచి 7 లక్షలు, రిజిస్ట్రేషన్ 2.40 లక్షలు. 9.40 లక్షల్లో అయిపోతుంది. జీఎస్టీ లేదు. పాత ఇల్లు కొన్నా సబ్సిడీ వర్తిస్తుంది. ఈఎంఐ 8 శాతానికి 20,911. మీరు నన్నడిగితే నేను దీని వైపే మొగ్గుతాను, కానీ రెండు చూడాలి. ఒకటి, బిల్డింగ్ వయసును బట్టి బ్యాంకు ఇంజనీరు మిగిలిన ఆయుష్షు రాస్తాడు. అది తక్కువ రాస్తే లోన్ 20 ఏళ్ళకు రాదు, 15 ఏళ్ళకు కుదిస్తారు, ఈఎంఐ పెరుగుతుంది. రెండు, ప్లాన్. ఈ వయసు అపార్ట్‌మెంట్లలో కార్ పార్కింగ్‌లో గది వేసినవి, పైన ఒక ఫ్లోర్ ప్లాన్‌లో లేకుండా కట్టినవి బాగానే ఉన్నాయి. మీ ఫ్లాట్ ఆ పై ఫ్లోర్‌లో ఉంటే ఏ బ్యాంకూ ముట్టుకోదు. ఎండాకాలం నీళ్ళ సంగతి అక్కడే ఉంటున్న ఆడవాళ్ళను అడగండి. ఓనర్ చెప్పడు, వాళ్ళు ట్యాంకర్‌కు ఎంత పోస్తున్నారో సహా చెబుతారు.

తిరుపతిలో ఏది కొన్నా టైటిల్ విషయంలో మిగతా ఊళ్ళకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇక్కడ మఠం భూములు, దేవాదాయ భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములు) ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో ముందే చూడండి. అడ్వాన్స్ ఇచ్చాక చూడటం కాదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల రికార్డు) కనీసం 30 ఏళ్ళకు తీయండి. దాన్ని చదివేటప్పుడు అమ్మకాలు మాత్రమే చూడకండి, తాకట్టు వరుసలు కూడా చూడండి. పాత ఓనర్ లోన్ తీర్చేసి ఉంటాడు, కానీ బ్యాంకు నుంచి రిలీజ్ రిజిస్టర్ చేయించి ఉండడు, ఈసీలో తాకట్టు అలాగే కనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక జంట దీనివల్లే రిజిస్ట్రేషన్ రోజున ముహూర్తం పెట్టుకుని, చుట్టాలను పిలుచుకుని, ఆఫీసు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. అవిలాల ఫ్లాట్‌కైతే ఏపీ రెరా (బిల్డర్లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టును అక్కడ రిజిస్టర్ చేయించాల్సిందే. సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ఫ్లాట్ ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు.

వడ్డీ శాతం గురించి ఎవరూ అడగరు, అందరూ సబ్సిడీ గురించే అడుగుతారు. 25 లక్షలు, 20 ఏళ్ళు. 8 శాతానికి ఈఎంఐ 20,911. 8.50 శాతానికి 21,696. తేడా నెలకు 785 రూపాయలు, చూడ్డానికి ఏమీ అనిపించదు. 240 నెలలకు 1.88 లక్షలు. అంటే మీరు కాగితాలు పట్టుకుని తిరిగి తెచ్చుకునే సబ్సిడీ మొత్తం, అర శాతం వడ్డీ తేడాలో పోతుంది. ఆ అర శాతం ఎక్కువగా మీ సిబిల్ స్కోరు మీద, మీరు ఏ సంస్థకు పోతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. బ్యాంకులు 2019 అక్టోబర్ నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను బయటి రేటుకు, ఎక్కువగా రెపోకు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) ముడిపెట్టాలి. 2025 ఫిబ్రవరిలో 6.50 శాతం ఉన్న రెపో ఆ ఏడాది డిసెంబర్ నాటికి 5.25కు దిగింది. బ్యాంకు లోన్ ఉన్నవాళ్ళకు ఆ తగ్గుదల చేరింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద ఆ నిబంధన లేదు కాబట్టి అక్కడ మీరు అడిగితే తప్ప తగ్గకపోవచ్చు. కాగితాలు త్వరగా పాస్ చేస్తారని బిల్డర్ చూపించే కంపెనీకి పోయేముందు ఇది గుర్తుంచుకోండి. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా అన్నది బ్యాంకు మిమ్మల్ని అడగాలి. చాలామందికి చెప్పకుండానే కాలం పెరిగిపోతుంది, 20 ఏళ్ళ లోన్ 26 ఏళ్ళయ్యాక చూసుకుంటారు. ఏటా ఒకసారి స్టేట్‌మెంట్ తీసి మిగిలిన నెలలు లెక్కపెట్టుకోండి. ఫ్లోటింగ్ లోన్‌ను ముందే కట్టేస్తే పెనాల్టీ లేదు.

మీ ఆవిడ జీతం గురించి ఒక చిక్కు ఉంది. స్కూలు జీతం చేతికిస్తున్నారని రాశారు. సబ్సిడీకి ఆ ఆదాయం లెక్కలోకి వస్తుంది, దాచకూడదు. బ్యాంకు మాత్రం ఖాతాలో పడని జీతాన్ని లోన్ అర్హతలో కలపదు. ఈ నెల నుంచే ఆమె ఖాతాలో వేయమని స్కూలువాళ్ళను అడగండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ ఉంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. పన్ను కట్టనక్కర్లేకపోయినా ఆమె పేరిట రిటర్న్ వేయండి.

లోన్ మంజూరయ్యాక బ్రాంచ్‌లో ఇన్సూరెన్స్ కాగితం కూడా ముందు పెడతారు. సంతకం పెడితేనే లోన్ అన్నట్టు మాట్లాడతారు, అది నిజం కాదు. ఒకేసారి కట్టే ప్రీమియాన్ని లోన్‌లో కలిపేస్తే దానికీ 20 ఏళ్ళు వడ్డీ కడతారు. పైగా కొర్లగుంట ఫ్లాట్‌కు మీ లోన్ సరిగ్గా 25 లక్షల అంచు మీద ఉంటుంది, ప్రీమియం కలిపి 25 దాటితే సబ్సిడీ దగ్గర పేచీ వస్తుంది. మీ వయసుకు విడిగా టర్మ్ పాలసీ చవగ్గా దొరుకుతుంది, అది తీసుకోండి. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం ఉండకండి.

చివరి ప్రశ్న, ఎవరి పేరు మీద. ఇద్దరి పేరు మీదా చేయించండి. ఆమె పేరు ముందు రాయించండి. ఈ పథకంలో ఆడవాళ్ళ పేరు మీదో, ఉమ్మడిగానో ఇల్లుండటానికే మొగ్గు చూపుతారు. కొన్ని బ్యాంకుల్లో ఆడవాళ్ళకు వడ్డీ కొంచెం తక్కువ కూడా ఉంటుంది, శాంక్షన్ లెటర్‌లో అది వచ్చిందో లేదో చూడండి. రేపు మీ జీతాలు పెరిగి ఎప్పుడైనా పాత విధానం గిట్టుబాటయ్యే స్థితి వస్తే, ఇద్దరూ ఓనర్లుగా, ఇద్దరూ లోన్‌లో ఉండి, ఇద్దరూ ఈఎంఐ కడుతుంటేనే ఎవరి వాటా వారు చూపించుకోగలరు. ఇల్లు ఆమె పేరు మీద, లోన్ మీ పేరు మీద పెడితే మీకు ఏ మినహాయింపూ రాదు. ఆ పేర్లు సేల్ అగ్రిమెంట్‌లోనే ఉండాలి, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి. అగ్రిమెంట్ రాయించే ముందు రెండు ఫ్లాట్ల సర్వే నంబర్లూ ఇక్కడ పెట్టండి, 22ఏ ఎలా చూడాలో చెబుతాను.